నిలబడే పండగ

బాస్కెట్‌బాల్ కోచ్‌ల మెడలో వేలాడే ఇత్తడి ఈలను నేను. పుట్టింది సెర్బియాలో, మొరావా నది ఒడ్డున ఒక చిన్న కార్ఖానాలో. నాతోపాటు అచ్చులోంచి ఊడిపడ్డవాళ్లంతా పోలీసులకీ రైల్వేవాళ్లకీ వెళ్లారు. నేను మాత్రం మిలుతిన్ అనే ముసలి కోచ్ నోట్లో పడ్డాను. ఉల్లిపాయా పొగాకూ కలిసిన ఆ ఊపిరితోనే మాట్లాడటం నేర్చుకున్నాను. అయినా పెద్దాయన మంచివాడు. తిట్లన్నీ కోర్టులోనే తిట్టేసి, మనసు ఖాళీ చేసుకుని ఇంటికెళ్లేవాడు.

ఆయన చేతికింద పెరిగినవాళ్లే రాడోమిర్, నెబోయ్షా. రాడోమిర్ బంతి విసిరితే రింగుకి తగలకుండా వలలోంచి జారేది. అతనికి బంతి అందించడానికే పుట్టినట్టు ఆడేవాడు నెబోయ్షా. చప్పట్లు రాడోమిర్‌కి, మోచేతి పోట్లు నెబోయ్షాకి. రాడోమిర్ పెళ్లిలో పక్కన సాక్షిగా నిలబడింది కూడా నెబోయ్షాయే. అలా నిలబడ్డవాణ్ణి అక్కడ కూమ్ అంటారు, ఆపైన ఇద్దరూ ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. తోడబుట్టినవాడితోనైనా తగువుపడొచ్చు గానీ కూమ్‌తో పడకూడదట. మనుషులు ఇలాంటి మాటలు చాలా గట్టిగా చెబుతారు.

ఆటలోనే రాడోమిర్ మోకాలు పోయింది. మిలుతిన్ కన్నుమూశాక క్లబ్బువాళ్లు నన్ను తెచ్చి అతని మెడలో వేశారు. మొదటిరోజు నన్ను ఊదడానికి సిగ్గుపడ్డాడు పాపం. వారం తిరిగేసరికి, ఇంట్లో కాఫీ కావాలన్నా భార్య గోర్డానాని పిలవడానికి నన్నే ఊదాడు.

"నెబోయ్షాకి వయసైపోయింది, తీసెయ్" అన్నారు క్లబ్బు పెద్దలు. నిజంగానే అయిపోయింది. ఆ ముక్క మొహం మీద చెప్పేస్తే సరిపోయేది. ఆ ధైర్యమే మావాడికి లేకపోయింది. ఆ దేశంలో వేసవి రాగానే జట్లని కొండలకి తీసుకెళ్లి, బంతి ముట్టనివ్వకుండా పరుగులు పెట్టిస్తారు. అక్కడ రాడోమిర్ ఒక కొత్త నియమం పెట్టాడు: అందరికంటే చివర కొండపైకి చేరినవాడికి ఈ ఏడాది జట్టులో చోటు లేదు. అందరికీ ఒకటే న్యాయం అని కూడా అన్నాడు. అది ఎవరి కోసమో అందరికీ తెలుసు. నెబోయ్షాకీ తెలుసు. తెలిసే పరిగెత్తాడు.

కుర్రాళ్లు కావాలనే కాళ్లీడ్చారు, కెప్టెన్ నెబోయ్షా తమని దాటిపోవాలని. పైనుంచి అది చూసిన రాడోమిర్ నన్ను చెవులు చిల్లులు పడేలా ఊదాడు. "నెమ్మదించినవాడు కూడా ఇంటికే!" అని అరిచాడు. ఏం చేస్తారు, తలలు దించుకుని ఒక్కొక్కరే నెబోయ్షాని దాటుకుంటూ వచ్చేశారు.

నెబోయ్షా పైకి చేరి, పక్కకెళ్లి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"నువ్వు చెప్పుంటే నేనే తప్పుకునేవాణ్ణి కదరా."

"రూల్ రూలే" అన్నాడు రాడోమిర్, నా తాడు సర్దుకుంటూ. నాకు సిగ్గేసింది. అతనికి వేసిందో లేదో తెలీదు.

ఆ శీతాకాలం జట్టు వరసగా గెలిచింది. పేపర్లలో రాడోమిర్ ఫొటోలు పడ్డాయి, వాటిలో నేనూ ఉన్నాను. డిసెంబర్ చలిలో స్లావా వచ్చింది. అంటే, ఇంటిని కాచే పునీతుడి పండగ. ఆ పండక్కి ఎవరినీ పిలవరు. తలుపు తీసి ఉంచుతారు, అయినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. అతిథి బల్ల ముందున్నంతసేపూ ఇంటి యజమాని కూర్చోకూడదు. నిలబడి వడ్డించాల్సిందే.

భోజనాల గదిలో కొక్కేనికి వేలాడుతూ నేను అంతా చూశాను. రాడోమిర్ పొద్దున్నుంచీ గుమ్మం వైపే చూస్తున్నాడు. కూమ్ రాకపోతే తప్పెవరిదో ఊరే తేల్చేస్తుంది. మధ్యాహ్నానికి నెబోయ్షా వచ్చాడు. ఆనవాయితీగా బుగ్గలమీద మూడు ముద్దులు పెట్టాడు. రాడోమిర్ కళ్లు చెమర్చాయి. క్షమించేశాడనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇత్తడి బుర్ర కదా!

మిగతావాళ్లు తిని వెళ్లిపోయారు. నెబోయ్షా మాత్రం చేపముల్లు ఒక్కొక్కటే తీస్తూ, ప్లమ్ సారా చప్పరిస్తూ, నింపాదిగా కూర్చున్నాడు.

"ఇంకొంచెం పొయ్, కూమ్."

రాడోమిర్ పోశాడు. మోకాలు వాచి ప్యాంటు బిగుసుకుపోయింది. గోర్డానా ఉండబట్టలేకపోయింది.

"అన్నయ్యా, ఆయన కాలు బాగోలేదు. కాసేపు కూర్చోనివ్వు."

"కూర్చోమనమ్మా, నేను వెళ్లాక" అన్నాడు నవ్వుతూ. ఇంకో రొట్టెముక్క తుంచుకున్నాడు. పొద్దువాలాక లేచి కోటు తొడుక్కున్నాడు. "మర్యాద బాగా చేశావు. వచ్చే ఏడూ వస్తాను. పిలవక్కర్లేదుగా!"

వచ్చాడు. ఏటా వచ్చాడు, ఏటా పొద్దువాలేదాకా కూర్చున్నాడు. ఈలోగా జట్టు ఓడటం మొదలెట్టింది. క్లబ్బువాళ్లు రాడోమిర్‌కి ముఖాముఖి చెప్పలేదు. అతను ప్రాక్టీసుకి వెళ్లేసరికి ఇంకెవడో ఈల ఊదుతున్నాడు. అప్పట్నుంచీ నేను కొక్కెం దిగలేదు. కోచ్ అన్న భయంతో పండక్కి వచ్చే ఆటగాళ్లు రావడం మానేశారు. తర్వాత పేపరువాళ్లు, ఆ తర్వాత చుట్టాలు. బల్లనిండా వండిపెట్టినా ఎంగిలయ్యేది ఒక్క కంచమే.

కిందటి పండక్కి రాడోమిర్ చేతికర్ర పట్టుకుని కిటికీ దగ్గర కాపు కాశాడు. గేటు చప్పుడైతే "హమ్మయ్య" అన్నాడు, పైకే. తన కాలు విరగ్గొట్టడానికి వచ్చేవాడి కోసం ఇంతలా ఎదురుచూసే జీవి మనిషి తప్ప ఇంకోటి ఉండదు.

వడ్డిస్తుంటే పులుసు బల్లగుడ్డ మీద ఒలికింది. గోర్డానా ఏడుస్తూ కుర్చీ తెచ్చి అతని వెనక వేసింది. నెబోయ్షా ఆ మరకని చూశాడు. చెంచా పక్కన పెట్టాడు.

"కూర్చోరా. నా కోపం తీరిపోయింది" అన్నాడు మెల్లగా. "ఇక రావాల్సిన పనిలేదు నాకు."

లేచి కోటులో ఒక చెయ్యి దూర్చాడు. రాడోమిర్ గాభరాగా కుర్చీని కర్రతో వెనక్కి నెట్టేశాడు.

"చేప ఇంకా ఉంది కూమ్, అప్పుడే వెళ్లకు" అంటూ గరిటె పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.