ఖరారు కాని గుండె

గుండె దొరికింది. ఆ మాట చెప్పడానికి అవయవాల కేటాయింపు కేంద్రం పై అంతస్తు నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. వరసకేమీ కాడు, ఆఫీసులో అందరికీ బాబాయే. కింద డేటాబేస్ చూసుకునే ఆమె ఫోన్ ఎత్తింది. తమ్ముడి గుండె ఈ వారం దాటదని డాక్టర్లు తేల్చేశారు.

"అమ్మాయ్, మనవాడి పేరు ఎక్కించా!"

"నిజంగా? నా మీద ఒట్టేయ్ బాబాయ్."

"నీ మీదెందుకు, నా బట్టతల మీద ఒట్టు. ఆస్పత్రికీ చెప్పేశా. థియేటర్‌లోకి తీసుకెళుతున్నారు."

ఆమె ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ముందు మనుషులకు చెప్పి, ఆ తర్వాతే తెర మీద 'ఖరారు' నొక్కడం బాబాయ్ అలవాటు. ఆమె ఫోన్ వదల్లేదు. ఆయన ఇంకా నొక్కలేదు.

కరెంటు పోయింది. బ్యాటరీలు అందుకోలేదు. సర్వర్ కూలింది.

కూలిన డేటాబేస్ లేవగానే ముందు తన లాగ్, అంటే మార్పుల చిట్టా, చదువుకుంటుంది. ప్రతి మార్పూ మొదట అందులోకే ఎక్కుతుంది. ఖరారైనవాటిని నిలబెడుతుంది, సగంలో ఆగినవాటిని అసలు జరగనట్టే చెరిపేస్తుంది. తమ్ముడి కేటాయింపు మొదలైనట్టు లాగ్‌లో ఉంది. ఖరారైనట్టు లేదు.

చెరిపేసింది.

అదే గుండె సరిపోయే రోగి ఇంకో ఊళ్ళో ఉంది. జాబితాలో ఇద్దరిదీ ఒకే వరస, ముందు ఖరారైనవాళ్ళదే గుండె.

"బాబాయ్, మళ్ళీ ఎక్కించి నొక్కు!" మెట్లెక్కుతూనే అరిచింది.

నొక్కాడు. అవయవం వేరొకరికి కేటాయించామని తెర చెప్పింది. ఆ ఊరి ఆపరేటర్ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, నేరుగా నొక్కేశాడు.

"నువ్వు మార్చలేవా తల్లీ? తాళాలన్నీ నీ దగ్గరేగా."

"పేరు మార్చగలను బాబాయ్. గుండె ఉన్న పెట్టె ఆ ఊరికి కారెక్కేసింది."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఆమె ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, నర్సమ్మ నా ఫోన్ ఒక్క నిమిషం ఇచ్చింది. మత్తు ఇచ్చేస్తారట. లేచాక నిన్ను గుర్తుపట్టకపోతే రెండు తగిలించు."

"సూది వద్దని చెప్పు."

"ఏం?"

"ఫోన్ డాక్టరు గారికివ్వు."

అటువైపు ఏదో చక్రాల బల్ల కదిలిన చప్పుడు. వాడు ఇవ్వలేదు.

"నువ్వే చెప్పక్కా," అన్నాడు మెల్లగా.