కోడలు ఆరబెట్టిన మడి

యాభై ఏళ్ళుగా మెకాంగ్ నది కాలవ నీళ్ళతో వరి పండిస్తున్నవాణ్ణి. మడిలో నీళ్ళు మెరవకపోతే నాకు అన్నం సయించదు. అలాంటి నాతో మా కోడలు థామ్, "మామయ్యా, ఈ పంటకి నీళ్ళు ఆపి ఆపి పెడదాం. మధ్యమధ్యలో మడి ఆరాలి" అంది.

"ఆరడానికి అవేమన్నా బట్టలా?" అన్నాను.

థామ్ నవ్వి మడిలో కాలు మోపింది. బురదలోంచి బుడబుడా బుడగలొచ్చాయి. "గాలాడని బురదలో గడ్డి కుళ్ళి పుట్టే వాయువు ఇది. పైకెళ్ళి, భూమి వేడిని బయటికి పోనీకుండా పట్టేస్తుంది. సముద్రం ఊరికే పొంగుతోందా? మన పంపరపనస తోట ఊరికే చచ్చిందా?"

ఉప్పునీరెక్కి చచ్చిన ఆ తోట నా భార్య నాటింది. ఒక్క పంటకి సరేనన్నాను. పంట పోతే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదన్నాను.

థామ్ మడిలో చిల్లుల గొట్టం పాతింది. అందులో నీళ్ళు నేలమట్టానికి జానెడు కిందికి దిగితేనే మళ్ళీ పెట్టేది. మడి నెర్రెలిచ్చేది. పక్క మడి నామ్ రోజూ గట్టు మీదికొచ్చి ఒకటే నవ్వు. "ఏంటన్నా, కోడలు మడిలో చేపలు ఎండబెడుతోందా?"

నాకు తల కొట్టేసినట్టుండేది. థామ్ తాతగారి తద్దినానికి పుట్టింటికెళ్ళిన రోజు, మధ్యగట్టుకి ఇంటివైపు, గొట్టం లేని సగం మడికి పంపు వేసేశాను. తర్వాత కూడా తను ఊళ్ళో లేనప్పుడల్లా అదే పని. పచ్చగా ఉందని మురిసిపోయాను కూడా.

కోతకి పది రోజులుందనగా గాలివాన కొట్టింది. తెల్లారి చూస్తే సగం మడి చాప పరిచినట్టు పడిపోయింది. ఊరంతా గట్టు మీదే ఉంది.

"ఎండబెడితే ఇంతే మరి" అన్నాడు నామ్.

థామ్ పడిన కంకుల్ని లేవనెత్తబోయి వదిలేసింది. "తప్పు నాదే మామయ్యా. వచ్చే పంట మీ పద్ధతిలోనే చేద్దాం."

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. గెలుపు నాదే. కానీ ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

"పడింది నా సగం" అన్నాను. "దొంగతనంగా నీళ్ళు పెట్టాను. నేల మెత్తబడి వేరు పట్టు తప్పింది. నిలబడింది కోడలిది."

జనం గొల్లున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. నామ్ మాత్రం నవ్వలేదు. నిలబడ్డ వైపు దిగి ఒక దుబ్బు పీకబోయాడు. అది ఊడి రాలేదు. రెండు చేతులా లాగి, వేరు పొడుగు చూసి, "ఆ గొట్టం ఎంత లోతు పాతాలమ్మాయ్?" అనడిగాడు.

థామ్ కళ్ళు తుడుచుకుని నాకేసి చెయ్యి చాపింది.

"ముందు ఆ పంపు తిప్పే హ్యాండిల్ ఇటివ్వండి మామయ్యా."

ఇంటికెళ్ళి తెచ్చి, అందరి ముందూ తన చేతిలో పెట్టాను.