ఎనిమిదో బాబాయ్ చేపల మేత

మెకాంగ్ నది కాలువల మధ్య ఇల్లిల్లూ తిరిగి వ్యవసాయ లెక్కలు రాయడం మొదలుపెట్టి దియెప్‌కు ఇరవై రోజులైంది. పంటల క్షేత్రాలెన్ని, పశువులవెన్ని, చేపలవెన్ని అని కాగితం అడుగుతుంది. రైతులేమో మూడూ ఒకే పెరట్లో కానిచ్చేస్తారు. కాగితం మాత్రం ఒక్క గడిలోనే టిక్కు పెట్టమంటుంది.

దానికి తోడు ఊరి ఛైర్మన్ ఫూ గారి గోల. క్షేత్రం అనిపించుకునేంతవి ఊరికి పదకొండే తేలాయి. పక్కూళ్లో ముప్పైఎనిమిదని విన్నప్పటినుంచి ఆయనకు తిండి సయించడం లేదు.

ఆ రోజు దియెప్ ఎనిమిదో బాబాయ్ ఇంటి ముందు పడవ దిగింది. అక్కడ పిల్లల్ని పుట్టిన వరసతోనే పిలుస్తారు. ఆయన అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో.

"బాతులెన్ని బాబాయ్?"

"పొద్దున నాలుగొందలు. ఇప్పుడు కోసిన మళ్లలో గింజలేరుకుంటా పక్కూరెళ్లాయి. అక్కడా రాసేసుకునుంటార్లే. వాళ్ల ముప్పైఎనిమిది మరి ఎట్టా వచ్చిందనుకున్నావ్?"

"పందులు?"

"రెండు. మీ పిన్ని నన్ను కూడా కలిపి మూడంటది."

ఇంతలో ఛైర్మన్ గారి పడవ వచ్చింది. సరిగ్గా భోజనాల వేళ. పిన్ని చెరువులోంచి అప్పుడే తీసిన వాలుగతో చింతపండు, అనాస వేసి పులుసు కాచింది. దియెప్ తనకు గుడ్డట్టు చాలంది. ఛైర్మన్ గారు మూడు గిన్నెలు లాగించారు.

"ఆహా! ఇది చెరువు కాదయ్యా, ఆదర్శ మత్స్యక్షేత్రం! రాయమ్మా దియెప్, పన్నెండోది. మేతేం వేస్తావ్ బాబాయ్? ఊరందరికీ నేర్పిద్దాం."

బాబాయ్ భార్య వంక చూశాడు. ఆవిడ గిన్నెలోకి చూసింది.

"నేర్పక్కర్లేదండీ," అన్నాడు బాబాయ్. "అందరికీ పుట్టుకతో వచ్చిన విద్యే."

"అంటే?"

బాబాయ్ అన్నం తినే పుల్లతో చెరువు వైపు చూపించాడు. రెండు వెదుళ్ల వంతెన, దాని చివర నాలుగు గుంజల మీద నడుమెత్తు తాటాకు దడి.

"తెల్లారగానే నేను. తర్వాత మీ పిన్ని. పండక్కి చుట్టాలొస్తే చేపలు బాగా ఒళ్లు చేస్తాయి."

ఛైర్మన్ గారి మొహం పాలిపోయింది. "మరుగుదొడ్డెక్కడ?" అన్నారు నోరు నొక్కుకుని.

"ఇప్పుడే చూపించాగా!"

వెదుళ్ల మీద ఊగుతూ పరిగెత్తారాయన. అడుగుల చప్పుడు వినగానే చేపలన్నీ మీసాలు విప్పి, నోళ్లు తెరిచి పైకి తేలాయి. దడి మీంచి తొంగిచూసిన ఛైర్మన్ గారు ఇక ఆపుకోలేకపోయారు. మూడు గిన్నెల పులుసూ వచ్చిన చోటికే చేరింది. చెరువు కుతకుతలాడింది.

"చూశావా అమ్మడూ, ఛైర్మన్ గారు కూడా మేత వేస్తన్నారు. రాసుకో!"

ఇరవై రోజులుగా నవ్వు బిగబట్టుకున్న దియెప్ పొట్ట పట్టుకుని నవ్వింది. కాగితాలు నేల మీద పడిపోయినా ఏరుకోలేకపోయింది.

"నీకు ముందే తెలుసా?" అన్నారు ఛైర్మన్ గారు మూతి తుడుచుకుంటూ.

"పడవ దిగుతుంటే కనపడిందండీ. తమరు అడగలేదు."

ఆయన పడవెక్కి, వెనక్కి తిరక్కుండా, "పదకొండే పంపెయ్" అన్నారు.

పదకొండే వెళ్లాయి. నెల తిరక్కముందే ఊళ్లో చెరువుల మీది మరుగుదొడ్లన్నీ పీకించారు. బాబాయ్ ఇటుకలతో ఒకటి కట్టుకున్నాడు. మొదటి వారమంతా నాలుగు గోడల మధ్య, చూసే చేపొక్కటీ లేకుండా, ఏమీ రాలేదట పాపం.