అచ్చుమర దగ్గర బావాబావమరుదులు

టంకశాల అచ్చుగదిలో అతన్ని అందరూ బావమరిది అనే పిలిచేవారు. అచ్చుమర తిప్పేది వాళ్ళ అక్క మొగుడు, మర కింద బిళ్ల పెట్టేది ఇతను. పన్నెండేళ్ళుగా అదే జంట.

పని చూడ్డానికి సులువే. నేలలో నడుములోతు గుంట, అందులో బావమరిది. ఎదురుగా కింది అచ్చు. దానిమీద రెండు వేళ్ళతో నున్నటి వెండిబిళ్ల పెట్టి చెయ్యి లాగేసుకుంటాడు. పైన బావ, ఇనుపగుండ్లు బిగించిన పొడుగాటి కడ్డీని ఒక్క ఊపున తిప్పుతాడు. పై అచ్చు దభీమని దిగుతుంది. బొమ్మా అక్షరాలూ ఒకే దెబ్బకి పడతాయి. కడ్డీ వెనక్కి తిరిగేలోగా నాణెం చిమ్మేసి ఇంకో బిళ్ల పెట్టాలి. నిమిషానికి ఇరవై! కడ్డీ ఊపులో పైవాడికి కింద చెయ్యి కనపడదు. ఏదైనా అడ్డం తిరిగితే కిందనుంచి "ఆగు" అని అరవాలి, పైన కడ్డీ పట్టేయాలి. ఆ ఒక్క మాట మీదే వేళ్ళు నిలిచేది.

ఆ మాట వినాల్సిన బావకే చెవులు పోయాయి.

పోవూ మరి? ముప్ఫై ఏళ్ళు ఆ మోతలో నిలబడ్డ మనిషి! బావమరిదికి వేళాకోళాల దగ్గరే అనుమానం వచ్చింది. ఒకటంటే రెండు అంటించే బావ, ఈమధ్య ఏమన్నా నవ్వి ఊరుకుంటున్నాడు. ఓ రోజు వెనకనుంచి, "బావా, నీ చొక్కాకి నిప్పంటుకుందోయ్!" అని అరిచాడు. బావ తాపీగా మరకి నూనె రాసుకుంటున్నాడు. బావమరిదికి పైప్రాణాలు పైనే పోయాయి.

చెబితే? చెవిటివాణ్ణి మర దగ్గర ఉంచకూడదని నియమం, అదేరోజు గేటు బయటికి. చోట్లు మార్చుకుందామంటే, కడ్డీ పట్టిపట్టి బావ వేళ్ళు కొయ్యబారిపోయాయి, బిళ్ల నిలవదు. ఇంట్లో నలుగురు పిల్లలు. అమ్మ పోయాక తనను పెంచిన అక్క పొట్ట తనే కొట్టడమా! నోరు కుట్టేసుకున్నాడు. ప్రతి బిళ్ల అంచూ తడిమి చూసుకుంటూ, కళ్ళలో వత్తులు వేసుకుని పనిచేశాడు. అలా ఎనిమిది నెలలు భయంభయంగా గడిచాయి.

తొమ్మిదో నెలలో ఓ మధ్యాహ్నం నాణెం కింది అచ్చుకి కరుచుకుపోయింది. పెకిలించబోతే గోరు సందులో ఇరుక్కుంది.

"ఆగు బావా! ఆగూ!"

గది గదంతా విన్నది. బావ వినలేదు.

రెండు వేళ్ళు పోయాయి. బావ వంగి ఆ రక్తం చూసి, కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. తూకాల గదినుంచి మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. చేతికి గుడ్డ చుట్టిస్తూనే, "ఆగమని అరిచావా లేదా? అరిచినా తిప్పాడా ఇతను?" అని నిలదీశాడు.

పక్క మరల వాళ్ళు తలలు దించుకున్నారు.

"అరవలేదండీ. ఏదో పరధ్యానం. తప్పు నాదే."

"బుద్ధుందా నీకు?" అని మేస్త్రీ తిట్టాడు. వేళ్ళు పోగా తిట్లు కూడానూ. అవీ పడ్డాడు.

నాలుగో రోజు అక్క ఆస్పత్రికి వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

"మేస్త్రీ మంచాడురా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "దెబ్బ తగిలినవాడి చోటు ఇంట్లోవాళ్ళకే ఇస్తారట. నీకా పెళ్ళీ పెటాకులూ లేవాయె. మన పెద్దాణ్ణి రమ్మన్నాడు. సోమవారం నుంచి మీ బావ దగ్గరే, నీ గుంటలోనే."

పెద్దాడికి పందొమ్మిదేళ్ళు. బావమరిది ఆడిన అబద్ధం తిరిగితిరిగి మేనల్లుడి వేళ్ళమీదికి వచ్చింది. ఇంక దాచడం అతనివల్ల కాలేదు.

"వద్దక్కా, వాణ్ణి పంపకు. బావకి... బావకి వినపడదే. ఏడాది కావస్తోంది."

అక్క ఉలిక్కిపడలేదు. కట్టు అంచు సర్దింది.

"నాకు తెలీదట్రా?" అంది. "కాపురం చేస్తున్నదాన్ని."

"తెలిసే... ఇన్నాళ్ళూ నన్ను..."

"తెలిసే కూర్చోబెట్టాను. నువ్వు చురుకైనవాడివని ధైర్యం. ఇప్పుడు వాణ్ణీ కూర్చోబెడతాను. మరేం చెయ్యమంటావురా? నువ్వే చెప్పు."

దెప్పడానికి కాదు, ఆవిడ నిజంగానే అడుగుతోంది. జవాబు కోసం అతని మొహంలోకే చూస్తోంది.