జింక ఎంచిన తూటా

దసరా వెళ్ళిన తర్వాతి శనివారం పొద్దున రత్నకుమారి ఎప్పటిలాగే ఫ్లాస్కు నిండా టీ పోసింది. పులిహోర డబ్బాకెత్తింది. ఆవిరి పట్టిన వంటింటి కిటికీని కొంగుతో తుడిచి బయటికి చూసింది. గరాజ్ తలుపు తెరిచి ఉంది. లోపల కొమరయ్య స్టూలు మీద కూర్చుని రైఫిల్‌ను మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు.

ఆ తుడిచే తీరు చూసి ఆమెకు మనసు అదోలా అయింది. రేపు వాడుకునే వస్తువును తుడిచినట్టు లేదు. అత్తారింటికి పంపే పిల్లకు మొహం కడిగినట్టుంది.

వాళ్ళు కెనడాలోని సస్కటూన్‌కు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. దుబాయ్‌లో వెల్డింగ్ చేసే కొమరయ్యను, పొలాల్లో గింజలు వేసే మిషన్లు తయారుచేసే ఫ్యాక్టరీ వాళ్ళు ఇక్కడికి పిలిపించుకున్నారు. పక్క మిషన్ మీద పనిచేసే మనిషి వేట నేర్పాడు. ఇక అప్పటినుంచి ప్రతి నవంబరులో ఒక జింక. ఆ మాంసం చలికాలమంతా డీప్ ఫ్రీజర్‌లో ఉండేది. ఆదివారం వచ్చిందంటే యూనివర్సిటీలో చదువుకునే మన తెలుగు పిల్లలు గుమ్మంలో బూట్లు గుట్టగా విప్పి లోపలికి వచ్చేవాళ్ళు. రత్నకుమారి మిరియాలు దంచి వేపుడు చేసేది, ఎండు గోంగూర నానబెట్టి పులుసు పెట్టేది. ఆమె నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. కానీ "ఆంటీ, ఇంకొంచెం" అని ప్లేటు చాచినప్పుడు ఆమె మొహం చూడాలి.

కిందటేడు ఆ ఆదివారాలు ఆగిపోయాయి.

కిందటి నవంబరులో కొమరయ్య కాల్చిన గుండు జింక ముందుకాలికి తగిలింది. అది పడలేదు. మూడు కాళ్ళ మీద పొదల్లోకి పోయింది. అతను మంచులో రక్తపు చుక్కలు పట్టుకుని చీకటి పడేదాకా వెతికాడు. మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి మళ్ళీ వెతికాడు. చుక్కలు ఒకచోట ఆగిపోయాయి. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"చెయ్యి అదిరింది రత్నా" అన్నాడు.

అంతే. ఆ తర్వాత దాని గురించి మాట్లాడలేదు. వెల్డింగ్ చేస్తున్నా, స్నానం చేస్తున్నా, కారు నడుపుతున్నా ముక్కుతో ఏదో ఒక కూనిరాగం తీసే మనిషి. అది కూడా పోయింది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని రత్నకుమారికి అప్పుడే తెలిసింది.

టీ గ్లాసు తీసుకుని ఆమె గరాజ్‌లోకి వెళ్ళింది.

"ఇయ్యాల తూటాల దుకాణం ఒలీనాకు ఇచ్చేస్త దీన్ని" అన్నాడు తలెత్తకుండా. "ఎవడన్న మంచిగ కొట్టేటోడు కొనుక్కుంటడు."

"ఇద్దువు తియ్యి. ముందుగల్ల తూటాలు చూడు. జింక రాకపోతె అప్పుడు ఇద్దువు."

"నా మొఖం జూసి వస్తదా?"

ఆమె టీ అతని చేతిలో పెట్టి, పులిహోర డబ్బా కారులో సర్దడానికి వెళ్ళింది.

ఆ రోజు అతను రైఫిల్ ఇచ్చేయడానికి బయల్దేరాడు. ఆమె అతని చేత తూటాలు కొనిపించడానికి బయల్దేరింది. కారు నడపడానికి కూతురు తేజశ్రీ వచ్చింది.

"డాడ్, సీట్ బెల్ట్" అంది తేజశ్రీ. అద్దంలో తండ్రి మొహం చూసి, "వన్ బ్యాడ్ షాట్, నాన్నా. ఎవ్రీబడీ హాజ్ వన్" అంది.

"జింకకు చెప్పు పోయి" అన్నాడు కొమరయ్య.

ఒలీనా దుకాణం ఊరు దాటాక, ధాన్యం నిలవచేసే ఎత్తైన గోదాము పక్కన ఉంటుంది. అక్కడ తూటాలు కొనే పద్ధతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. కొనే మనిషి కౌంటర్ ముందు నిలబడితే ఒలీనా నాలుగైదు రకాల డబ్బాలు వరసగా పెడుతుంది. ఆ ఏడు అతనికి ఎదురుపడాల్సిన జింక వస్తుంది. డబ్బాలన్నీ వాసన చూసి, తనకు సమ్మతమైన దాని మీద మూతి ఆనిస్తుంది. ఆ డబ్బా కొనుక్కుంటారు. ఏదీ నచ్చకపోయినా, మనిషి నచ్చకపోయినా, తెల్లతోక పైకెత్తి వెళ్ళిపోతుంది. ఆ మనిషి ఆ ఏడు ఇంట్లో కూర్చోవడమే. జింకలకు ఇబ్బంది లేకుండా ఒలీనా తలుపుకు గుండ్రటి పిడి తీయించి, తోస్తే తెరుచుకునేలా చేయించింది. కౌంటర్ ముందు డెక్కలు జారకుండా రబ్బరు పట్టా పరిచింది.

వాళ్ళు వెళ్ళేసరికి ఒక కుర్ర జింక పని ముగించుకుని బయటికి వస్తోంది. తేజశ్రీ తలుపు పట్టుకుంది.

ఒలీనాకు డెబ్బై దాటాయి. తెల్లటి జుట్టు, మగవాళ్ళ చొక్కా, ముక్కు చివర కళ్ళద్దాలు. ఎవరికీ అడిగిన తూటా వెంటనే ఇచ్చేది కాదు. ఎంత దూరం నుంచి కొడతావు, నీ రైఫిల్ దేనితో సరిగ్గా కొడుతుంది, ఇంట్లో తినేదెవరు, అన్నీ అడిగాకే డబ్బా తీసేది. ఆమె మాటలు వినడం రత్నకుమారికి ఎంతో ఇష్టం. పక్కన నిలబడి, వంట నేర్చుకునే పిల్లలా వినేది.

కొమరయ్య రైఫిల్ పెట్టెను కౌంటర్ మీద పెట్టాడు. జేబులోంచి కిందటేటి ఆకుపచ్చ డబ్బా తీసి పక్కన పెట్టాడు. గురి సరిచూసుకునే రేంజ్ మైదానంలో కొట్టినవి పోను, అందులో ఒక్క తూటానే తగ్గింది.

"రెండూ తీసుకో ఒలీనా. నాకిక వద్దు."

ఒలీనా వాటిని ముట్టుకోలేదు. "పద్ధతి పద్ధతే కొమర్. ముందు నిలబడు" అంది.

డబ్బాలు వరసగా పెడుతూ ఒక్కోదాని గుణం చెప్పింది. ఇది తేలిక గుండు, వేగంగా పోతుంది, దగ్గర్లో ఎముకకు తగిలితే చితికిపోతుంది. ఇది బరువు గుండు, పెద్ద దుప్పి లాంటి మూస్‌కి మంచిది, జింకకు ఎక్కువ. ఇది అంతా రాగే, సీసం ఉండదు, పసిపిల్లలు తినే ఇంటికైతే ఇదే ఇస్తాను. ఇది మీరు కిందటేడు కొన్న ఆకుపచ్చ డబ్బా రకమే, మధ్యరకం బరువు, ముక్కు మెత్తన, తగిలాక పువ్వులా విచ్చుకుంటుంది, జింకకు నొప్పి తెలిసేలోపే అయిపోతుంది.

"రైఫిల్‌కి కూడా నాలుక ఉంటుంది" అంది రత్నకుమారి వైపు తిరిగి. "దానికి రుచించిందే పెట్టాలి. పక్కింటి రైఫిల్ ఇష్టంగా తిన్నది నీ రైఫిల్ ఉమ్మేస్తుంది."

రత్నకుమారి తలూపింది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో కారం వేసి వండిన మనిషికి అది అర్థం కాకుండా ఎలా ఉంటుంది!

అప్పుడు తలుపు తెరుచుకుంది.

డెక్కల చప్పుడు వినగానే అది ఏ జింకో తెలిసిపోయింది. టక్, టక్, టక్, తర్వాత ఒక ఖాళీ. మళ్ళీ టక్, టక్, టక్. కుడి ముందుకాలు నేలకు ఆనీ ఆననట్టు ఉంది. మోకాలి కింద బొచ్చు లేని మచ్చ. గ్లౌజులు చూసుకుంటున్న ఒకాయన పక్కకు జరిగి, "మార్నింగ్" అన్నాడు దానితో.

కొమరయ్య దాని వైపు చూడలేకపోయాడు. తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. కిందటేడు ఇదే జింక ఇదే కౌంటర్ దగ్గర ఆకుపచ్చ డబ్బా మీద మూతి పెట్టింది. జింక ఎంపిక ఎప్పుడూ తప్పు కాదు. డబ్బా మంచిదే. ఇక మిగిలింది తన చెయ్యే కదా! ఆ లెక్క అతను ఏడాది పొడుగునా వేసుకుంటూనే ఉన్నాడు.

జింక కొత్త డబ్బాలను వాసన కూడా చూడలేదు. కుంటుకుంటూ పాత డబ్బా దగ్గరికి వెళ్ళింది. అట్ట మూత ముక్కుతో ఎత్తింది. లోపల తూటాలు అడుగులు పైకి పెట్టి వరసగా ఉన్నాయి. జింక గరుకు నాలుక చాచి ఒక తూటా అడుగును నాకింది. ఇంకోదాన్ని నాకింది. తర్వాత తలెత్తి ఒలీనాను చూసింది.

దాని నాలుక ఎర్రగా ఉంది.

ఒలీనా కళ్ళద్దాలు పైకి తోసుకుని ఒక తూటా తీసింది. అడుగున, సరిగ్గా నడుమ, ఎర్రటి జిడ్డు చుక్క. ఇంకోటి తీసింది. దానికీ ఉంది. అన్నిటికీ ఉంది. కిందటేడు తెల్లారకముందే చీకట్లో తూటాలు ఎక్కించిన కొమరయ్య వాటిని చూడనేలేదు.

"ఏమిటిది?"

ఆ దుకాణంలో ఇన్నేళ్ళలో రత్నకుమారి గట్టిగా ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు కౌంటర్ దగ్గరికి జరిగింది.

"పూజ" అంది. "దసరా పూజ. కిందటేడు నేనే... పండుగకు ముందే కొన్నం గద, ఆయన రేంజ్‌కి పోయి అంతా సరిచూసుకొని వచ్చినంక... ఎప్పుడు తుపాకీకే పెడత. ఆ ఏడు తూటాలకు కూడ పెడదామనిపించింది. కుంకుమ రాలిపోతదని నూనెల కలిపిన."

తేజశ్రీ ఆ మాటలను ఇంగ్లీషులో చెప్పింది. ఒలీనా కోప్పడలేదు. తూటా అడుగున నడుమ ఉన్న చిన్న గుండ్రటి బిళ్ళ మీద గోరు పెట్టి చూపించింది. రైఫిల్ సూది వచ్చి కొట్టేది ఇక్కడే. నిప్పు పుట్టేది ఇక్కడే. నూనె మెల్లగా దీని అంచులోంచి లోపలికి దిగుతుంది. దిగితే నిప్పు బద్ధకిస్తుంది.

"కొమర్, బాగా గుర్తు తెచ్చుకో. నువ్వు ట్రిగ్గర్ నొక్కగానే పేలిందా? ఆగి పేలిందా?"

కొమరయ్య నుదురు ముడిపడింది. ఆ క్షణాన్ని అతను వెయ్యిసార్లు తలుచుకున్నాడు. కానీ ఎప్పుడూ తన చేతినే చూశాడు, చప్పుడు వినలేదు.

"టక్కుమన్నది" అన్నాడు మెల్లగా. "పేలలేదనుకున్న. రైఫిల్ జెర్ర దించిన... అప్పుడు పేలింది."

"అయితే నీ చెయ్యి అదరలేదు" అంది ఒలీనా.

రత్నకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడాదంతా ఈ మనిషి నవ్వు తినేసింది బొట్టు పెట్టిన తన వేలా! మూడు కాళ్ళతో అంత మంచులో ఆ జీవి తిరిగింది తన వేలి వల్లనా!

"అమ్మా, యూ డిడింట్ నో" అంది తేజశ్రీ భుజం పట్టుకుని.

కొమరయ్య ఒక తూటా తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. రెండోది చూశాడు. మూడోది చూశాడు.

"ఏమే" అన్నాడు. "అన్నిటికీ నడిమిట్లనే పెట్టినవ్. ఒక్కటంటె ఒక్కటి పక్కకు పోలే. నాకంటె నీ గురే మంచిగున్నది గదనే!"

రత్నకుమారి ఏడుస్తూనే నవ్వింది. ఎదుటి మనిషి తప్పును ఇంత తేలిగ్గా చేతుల్లోంచి తీసేసుకునేవాడు ఇంకెవరుంటారు? పెళ్ళయిన కొత్తలో పప్పు మాడ్చినప్పుడు, మాడు వాసన లేకపోతే అది పప్పేనా అని రెండోసారి పెట్టించుకున్న మనిషి అతను. ఆ మనిషి ఇన్నాళ్ళకు ఇక్కడ, తూటాల కౌంటర్ దగ్గర, మళ్ళీ దొరికాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం తీసింది. జింక దగ్గరికి వెళ్ళింది. అది కదల్లేదు. దాని ఊపిరి వెచ్చగా, ఎండుగడ్డి వాసన వేస్తూ ఆమె మణికట్టుకు తగిలింది. నూనె లేదు, నీళ్ళు లేవు. పొడి కుంకుమ వేలికద్దుకుని దాని నుదుటి మీద, రెండు కళ్ళ నడుమ పెట్టింది.

"ఈడ పెట్టాల్సింది తల్లీ" అంది.

జింక ఒకసారి చెవులు విదిలించింది. తర్వాత కౌంటర్ పొడుగునా నడిచింది. తేలిక గుండు వాసన చూసింది. బరువు గుండు దగ్గర ముక్కు చిట్లించింది. రాగి గుండు దగ్గర కాసేపు ఆగింది. చివరికి కొత్త ఆకుపచ్చ డబ్బా మీద మూతి ఆనించి, కొమరయ్య తలెత్తి తన కళ్ళలోకి చూసేదాకా అలాగే ఉంది. అతను చూశాడు. అప్పుడది తిరిగి, టక్, టక్, టక్ అనుకుంటూ వెళ్ళిపోయింది.

ఒలీనా రైఫిల్ పెట్టెను అతని వైపు తోసింది. పాత డబ్బాను తన బల్ల కింద పెట్టి, "ఇవి నేను పారేస్తాను" అంది. "ఈ కొత్తవాటితో రేంజ్‌లో కొట్టి చూడు. రత్నా, నువ్వు వీటిని ముట్టుకోకు."

"వాసన కూడ చూడ" అంది రత్నకుమారి.

ఆ మర్నాడే రేంజ్‌కి వెళ్ళారు. కొమరయ్య కొట్టిన గుండ్లన్నీ కాగితం మీద పూరీ అంత చోటులో, ఒకదాని పక్కన ఒకటి దిగాయి. ఆ కాగితాన్ని తేజశ్రీ ఫ్రిజ్ తలుపు మీద అంటించింది.

నవంబరులో వేటకాలం మొదలైంది. ఆ పొద్దున రత్నకుమారి కూడా వేటగాళ్ళు వేసుకునే నారింజరంగు కోటు తొడుక్కుని బయల్దేరింది. ఎన్నడూ వెళ్ళని మనిషి. ఎందుకని అతనూ అడగలేదు. కోత అయిపోయిన పొలం అంచున, ఆకు రాలిన పాప్లర్ చెట్ల దగ్గర, గడ్డి మోపుకు ఆనుకుని కూర్చున్నారు. తూర్పున వెలుతురు వచ్చింది. మంచు మీద మొదట గులాబీ రంగు పడింది, తర్వాత పసుపు.

జింక చెట్లలోంచి వచ్చింది. కుంటుతూ పొలంలోకి నడిచి, పక్కకు తిరిగి నిలబడి, తల మాత్రం ఇటు తిప్పింది. నుదుటి మీద బొట్టు చెక్కుచెదరకుండా ఉంది. అంత దూరం నుంచి కూడా ఆమెకు ఎర్రగా కనిపించింది.

కొమరయ్య రైఫిల్ భుజానికి ఆనించాడు. ఆమె అతని చేతిని చూసింది. ముప్పై ఏళ్ళుగా నిప్పురవ్వల మధ్య ఇనుము అతికిన చెయ్యి అది. రాయిలా ఉంది.

చప్పుడు వెంటనే వచ్చింది.

ఆమె కళ్ళు మూసుకుంది. ఇంకో చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించింది. రాలేదు. గాలి లేదు. పక్షి అరవలేదు. కాసేపయ్యాక కొమరయ్య లేచి పొలంలోకి నడవడం, గట్టి మంచు అతని బూట్ల కింద కరకరలాడడం వినిపించింది. ఆ కరకర దూరమైంది, ఆగింది. అతను పడిన జింక పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నట్టున్నాడు.

తర్వాత ఆ నిశ్శబ్దంలోంచి, సన్నగా, ముక్కుతో తీసే కూనిరాగం.