పిల్లలకోడి చుట్టూ మసక

గద్వాలలో ఫొటో స్టూడియో నడిపే రంజిత్ చేతిలో పడ్డ పెండ్లికూతురి ముఖానికి మచ్చ మిగిలేది కాదు. రీళ్లు పోయి డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్త. మొటిమలు, గాట్లు, కంటికింది నలుపు అన్నీ స్టూడియో కంప్యూటర్‌లో మాయం చేసేవాడు. మరి తన పెండ్లి ఫొటోలు ఇంకొకరి చేతిలో పెడతాడా? వాటినీ తానే సరిచేశాడు.

అతని భార్య వైష్ణవికి ఎడమ చెంప మీద, చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు పడ్డ గుంటలు మూడున్నాయి. నవ్వితే మధ్యది లోతుగా పడుతుంది. పెండ్లిచూపుల్లో ఆ నవ్వు చూసే రంజిత్ సరేనన్నాడు. ఆల్బమ్‌లో మాత్రం గుంట ఒక్కటీ లేదు. "పిల్ల మొకం అద్దమోలె ఉన్నది," అని అతని తల్లి సత్యమ్మ మురిసిపోయింది. వైష్ణవి ఆల్బమ్‌ను బీరువాలో పెట్టి మళ్లీ తీయలేదు.

ఆమె జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. చుక్కలంటే పిచ్చి. స్నేహితురాలి టెలిస్కోపునూ, ఒక్క దెబ్బకే అన్ని రంగులూ పట్టే కెమెరానూ అడిగి తెచ్చుకుని, మిద్దె మీద నుంచి పిల్లలకోడిని, అంటే కృత్తికలను, వారం పాటు తీసింది. ఆ ఫొటోలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపితేనే సన్నని వెలుగు బయటపడుతుందట. కలిపింది. బొమ్మంతా ఆకుపచ్చగా తేలింది.

"గీ కెమెరాల వెలుగు పట్టే గడులుంటయి. ఎరుపుకు ఒక గడి, నీలానికి ఒక గడి ఉంటే, ఆకుపచ్చకు రెండుంటయి. అందుకే గిట్లొచ్చింది. జర రంగు సరిచేసిస్తరా?"

పెండ్లయ్యాక ఆమె అతన్ని నోరు తెరిచి అడిగిన మొదటి పని అది. రంజిత్‌కు కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆకుపచ్చ తగ్గించడం అతనికి చిటికెలో పని. అంతటితో ఆగితే రంజిత్ ఎందుకవుతాడు? చుక్కల చుట్టూ నీలంగా మసక కనిపించింది. టెలిస్కోపు అద్దానికి మంచు పట్టిందనుకున్నాడు పాపం, ఓపికగా తుడిచేశాడు. సన్న చుక్కలను దుమ్మనుకుని ఏరేశాడు. నల్లటి ఆకాశంలో పెద్ద చుక్కలు మాత్రం ముత్యాల్లా మిగిలాయి. పెద్ద ప్రింటు వేయించి సాయంత్రానికే ఇంటికి తెచ్చాడు.

వైష్ణవి దాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది.

"మసకేది?"

"తీసేసిన. మస్తు కష్టమైంది."

"గదే గద నాకు కావాల్సింది! ఆడ ధూళి ఉంటది. చుక్కల వెలుగు పడి గట్ల మెరుస్తది."

రంజిత్ హడలిపోయాడు. "అసలు ఫొటోలు పోయినయా?"

"ఉన్నయి. మళ్ల కలుపుకుంట." ఆమె ప్రింటును బోర్లించింది. "మీకు ఉన్నది ఉన్నట్టు ఏదీ నచ్చదా? నా చెంప గూడ గిట్లనే తుడిచేసిండ్రు."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. రంజిత్ బోర్లించిన ప్రింటును మళ్లీ తిప్పి చూశాడు. తాను మనసు పారేసుకున్న గుంటలను తన చేతులే తుడిచేశాయి. అలవాటు కొద్దీ చేశాడు తప్ప, ఆమెను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. సిగ్గుతో అతనికి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు సాయంత్రం వైష్ణవి మిద్దె మీద టెలిస్కోపు సర్దుతుంటే వచ్చి, ఒక ఫొటో చేతికిచ్చాడు. తలంబ్రాలప్పటిది. నుదుట పసుపు బియ్యపు గింజ, చెంప మీద మూడు గుంటలు, ఏదీ తుడవలేదు.

"గిదే పెద్దగ చేసి స్టూడియో ముందర అద్దంల పెట్టిన," అన్నాడు నేల చూస్తూ. "వచ్చే పోయేటోళ్లంత చూస్తుండ్రు."

వైష్ణవి ఫొటోను కొంగుతో తుడవబోయి, ఆగి, గుండెకు ఆనించుకుంది.

"జర ఇట్ల రాండ్రి," అంది పక్కకు జరిగి చోటిస్తూ. "మసకను ఎట్ల నిలపాల్నో నేర్పిస్త."

అంటూనే నవ్వింది. చెంప మీద మధ్య గుంట లోతుగా పడింది.