పనికి లేవని కూన

నా రాతలో తప్పులుంటాయి, ముందే మన్నించమంటున్నాను. నేను అక్షరాలు దిద్దేసరికి మా ఆయన పోయాడు, జుట్టంతా తెల్లబడింది. ఇప్పటికీ ఒక్కో మాటకు చాలాసేపు పడుతుంది. తొందరున్నవాళ్లు ఇది చదవలేరు. మా దీవి కొండల్లో గొర్రెలు కాసిన ఎఫీ గిల్‌క్రిస్ట్ కథ ఇది. కొంత నేను చూసిందే. మిగతాది ఆమె నా వంటింట్లో బంగాళాదుంపలు ఒలుస్తూ చెప్పింది.

ఎఫీ మొగుడు మర్డో పోయిన చలికాలంలోనే వాళ్ల ముసలి కుక్క కూడా పోయింది. ఇక మిగిలింది ఎఫీ, ఇంట్లో పొయ్యి, కొండ మీద మంద. దగ్గరి ఇల్లంటే డూగల్‌ది, అది కూడా నదికి అవతల. వాన పడితే నది దాటనివ్వదు. అలా వారాలు గడిచిపోయేవి. ఒకసారి డూగల్ గేటు దగ్గర నిలబడి పలకరిస్తే, బదులు చెప్పబోయి ఎఫీకి గొంతు పెగల్లేదట. మాట్లాడి ఎన్నాళ్లయిందో అప్పుడు తెలిసిందట.

ఆ వసంతంలో తల్లులు చచ్చిన గొర్రెపిల్లల్ని పొయ్యి పక్కకు తెచ్చుకుని సీసాతో పాలు పట్టింది. ఇది మా వైపు అందరూ చేసేదే. పాలు మరిచాక కొండకు తోలేస్తారు. ఎఫీ తోలలేదు. ఇంటిపక్క పచ్చికలోనే ఉంచుకుంది. వాటిలో కాస్త టెక్కున్నదానికి దొరసాని అని పేరు పెట్టింది. గేటు గొళ్లెం చప్పుడైతే చాలు, అన్నీ అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చి ఆమె మోకాళ్లకు మూతులు రాసేవి. జేబులో రొట్టె పెచ్చులుంటాయని వాటికి తెలుసు. ఎఫీ అక్కడే బకెట్టు బోర్లించుకుని కూర్చుని, రాత్రి గాలికి రేకు లేచిన సంగతీ, కాలు నొప్పి సంగతీ వాటికి చెప్పేది.

మా కొండకు కంచె లేదు. నాలుగైదు ఇళ్ల మందలు కలిసే మేస్తాయి. మంచు పడకముందే అందరూ పైకి వెళ్లి మందను దింపుతారు, దాన్నే దింపుడు అంటాం. ఇంటికో మనిషి, మనిషికో కుక్క, కొండను గట్లుగా పంచుకుని ఎవరి గట్టు మీది గొర్రెల్ని వాళ్లే తోలుకొస్తారు. గట్టు మీద నిలబడలేని ఇంటికి మరుసటేడాది కొండమీద మేత ఉండదు. ఇది ఏ కాగితంలోనూ లేదుగానీ అందరికీ తెలిసిందే. మర్డో పోయిన ఏడాది ఎఫీ గట్టును ఇరుగుపొరుగు వాళ్లే నడిచి పెట్టారు. తర్వాతి ఏడాది సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడంలోనే ఎఫీకి అంతా అర్థమైంది.

కుక్కను ఇచ్చింది డూగలే. తన ఆడకుక్క ఈనిన కూనల్లోంచి ఒకదాన్ని కోటు లోపల పెట్టుకుని నది దాటించి తెచ్చాడు.

"మొరగదు. చూపుతోనే గొర్రెను నిలబెట్టేసే జాతి. నీ ముసలి కుక్కకు చెప్పినట్టు దీనికి చెప్పక్కర్లేదులే, చెప్పకుండానే వింటుంది."

ఎఫీ దానికి ఫెర్న్ అని పేరు పెట్టింది. ఫెర్న్ ఎదిగింది. కాళ్లు పొడుగయ్యాయి. పడుకో అంటే పడుకునేది, రా అంటే వచ్చేది. గొర్రెల వైపు మాత్రం చూసేది కాదు.

లేత కుక్కను నెమ్మదైన గొర్రెల మీదే మొదలుపెట్టాలని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొండ గొర్రె ఒక్కసారి ఎదురుతిరిగి కుమ్మిందంటే ఆ కుక్క ఇక పనికిరాదు. అందుకే ఎఫీ ఫెర్న్‌ను తన పెంపుడు గొర్రెల దగ్గరికి తీసుకెళ్లేది. వాటికన్నా నెమ్మదైనవి ఈ దీవిలోనే లేవు. గేటు తీయగానే అవి వచ్చి ఆమెను చుట్టేసేవి. ఫెర్న్ ఆమె బూటు మీద కూర్చునేది. గడ్డి కొరికేది. పైన గద్ద తిరుగుతుంటే దాని నీడను చూస్తూ ఉండేది. ఎఫీ చెయ్యి చాపి "చుట్టు తిరుగు, ఫెర్న్, చుట్టు తిరుగు" అంటే ఆ చెయ్యి నాకేది.

ఎండాకాలం సగమయ్యాక డూగల్ వచ్చి గేటు మీద మోచేతులు ఆనించి చూశాడు.

"ఇది కుక్క కాదు పిల్లా, కాళ్లకు కప్పుకునే కంబళి."

ఎఫీకి అరవై దాటినా డూగల్‌కు ఆమె పిల్లే.

"నీ దగ్గరున్న దీని అన్న ఏం చేస్తున్నాడు?" అంది ఎఫీ.

"వాడి మాట ఎత్తకు. మా కోళ్లను మూలకు తోసి కదలనివ్వడం లేదు. గుడ్లు తీసుకోవాలంటే మా ఆవిడ వాడి కాళ్లు పట్టుకోవాల్సొస్తోంది."

"ఆలస్యంగా పనికి లేచే కుక్కలూ ఉంటాయి."

"ఉంటాయి. అసలు లేవనివీ ఉంటాయి. చూడు ఎఫీ, పట్నంలో ఒక టీచరమ్మ పిల్లలకు కుక్క కావాలంటోంది. మంచిగా చూసుకుంటారు. నీ గట్టు మా మేనల్లుడు నడుస్తాడు."

"ఈసారికా?"

"ఈసారికి. తర్వాత చూద్దాం."

"వాడు గట్టు నడిస్తే మేత ఎవరిది?"

డూగల్ టోపీ తీసి లోపలికి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. కొండ పద్ధతి అది.

వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు. ఎఫీ గొర్రెల మధ్యలోంచి బయటపడ్డానికి తంటాలు పడుతోంది. దొరసాని ఆమె గౌను అంచు నములుతోంది. ఫెర్న్ దూరంగా కూర్చుని ఆవలిస్తోంది.

డూగల్ నవ్వడం మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు.

"ఏయ్, ఉన్నచోటే ఆగు. ఆ మందను పోగుచేసిందెవరు?"

"ఎవరూ చెయ్యలేదు. వాటంతట అవే వచ్చాయి."

"అదీ సంగతి! దూరంగా పోయేదాన్ని చుట్టు తిరిగి నీ దగ్గరికి తేవడం దాని పని. అవి ముందే నీ గౌను పట్టుకుని వేలాడుతుంటే అది ఇంకేం తెస్తుంది? కుక్క పని నువ్వే చేసేస్తున్నావు, అది కూర్చుని చూస్తోంది. అది వెర్రిది కాదు పిల్లా, నువ్వే."

"అయితే నీ గొర్రెలు నాలుగు ఇవ్వు."

"నావీ నీ మిగతావాటితో పాటు కొండ మీదే ఉన్నాయిగా. దింపుడు దాకా కింద ఉన్నవి ఇవే. తరుము వీటిని. నిన్ను చూస్తే పారిపోవాలి."

"నావి నన్ను చూసి పారిపోవు."

"పారిపోయేలా చెయ్యి," అని అతను గుర్రమెక్కాడు.

ఎఫీ మర్నాడు తరమలేదు. ఆ మర్నాడూ తరమలేదు. గేటు దాకా వెళ్లేది, అవి పరుగెత్తుకొచ్చేవి, జేబులో చెయ్యి దానంతట అదే దూరేది. ఆమె గొంతు వినబడితే తలెత్తి ఎదురొచ్చే ప్రాణులు అవి తప్ప ఇంకేమున్నాయి? కొండ పోతే మంద అమ్మెయ్యాలి. మంద పోయాక ఆ ఇంట్లో ఉండి చేసేదేమీ లేదు. ఇల్లు వదిలాక ఈ గొర్రెల్ని మాత్రం ఎక్కడ పెట్టుకుంటుంది? ఈ లెక్క ఆమెకు తెలుసు. తెలిసినా చెయ్యి లేవలేదు.

ఒక పొద్దున కొండ తల మీద పల్చగా మంచు కనబడింది. దింపుడు దగ్గర పడిందన్నమాట. ఎఫీ టీ తాగకుండానే బయటికొచ్చింది. రొట్టె తీసుకోలేదు. ఒక చేత బకెట్టు, ఒక చేత కర్ర.

గొర్రెలు వచ్చాయి. ఎఫీ బకెట్టును కర్రతో బాదుతూ వాటి మీదికి పరుగెత్తింది. "పొండి! పొండి అవతలికి!" అవి బెదిరి నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడి చూశాయి. ఏదో పొరపాటు జరిగిందనుకున్నట్టు చూశాయి. దొరసాని మళ్లీ ముందుకొచ్చి మూతి చాపింది. ఎఫీ బకెట్టు పడేసి, తల మీది టోపీ తీసి దాని ముక్కు మీద ఈడ్చి కొట్టింది.

దొరసాని కాసేపు కదల్లేదు. తర్వాత తల తిప్పి పరుగు తీసింది. మిగతావన్నీ దాని వెనకే, పచ్చిక అవతలి అంచుకు.

తన కాలి పక్కన ఏదో బిగుసుకున్నట్టు ఎఫీకి అనిపించింది. కిందికి చూస్తే ఫెర్న్ పొట్ట నేలకు ఆనించి ఉంది. తోక వాలిపోయింది. ఆ కళ్లను ఎఫీ అంతకుముందు చూడలేదు. చెప్పకముందే అది లేచింది. గొర్రెల మీదికి తిన్నగా పోలేదు. కంచె వెంబడే పెద్ద చుట్టు తిరిగి, చప్పుడు లేకుండా వాటి వెనక్కి చేరి పడుకుంది. ఒక్కొక్క అడుగూ ముందుకు వేసింది. గొర్రెలు ఒక్కటిగా కదిలి ఎఫీ వైపు వచ్చాయి.

ఆమెకు కాస్త దూరంలోనే ఆగిపోయాయి. ఒక్కటీ ఆమెను చూడలేదు. అన్నిటి కళ్లూ కుక్క మీదే.

"చాల్లే, ఫెర్న్. రా," అంది ఎఫీ. అప్పుడు వచ్చింది ఏడుపో సంతోషమో తనకే తెలియలేదని నాతో అంది.

ఆ తర్వాత పని తొందరగా సాగింది. ఎడమ, కుడి, ఆగు, నడు. వేళ్లు నోట్లో పెట్టి ఎఫీ ఈల వేస్తే ఫెర్న్ దూరం నుంచే మళ్లేది. కుక్కను ఇంట్లోంచి తీసి బయట గూటికి మార్చింది. పనిచేసే కుక్క పొయ్యి దగ్గర పడుకోదు. గొర్రెలు గొళ్లెం చప్పుడు వింటే ఇప్పుడు అవతలి మూలకు పోయి నిలబడేవి.

దింపుడు నాడు కొండ మీది రేకుల గుడిసెలో నేనే వంట. తెల్లారకముందే మాంసం, టీ పెట్టి మగవాళ్లను పంపాను. వాళ్లతో ఎఫీ కూడా ఎక్కింది. ఆమెది నడుమ గట్టు. అక్కణ్నుంచి చూస్తే పక్క గట్టు మీది మనిషి ఆవగింజంత కనబడతాడు. పొగమంచు దిగితే అదీ లేదు. రోజంతా ఆ ఈలే, ఒకటి ఆగితే ఒకటి, గుడిసె దాకా వినిపించింది. అవతలి గట్ల నుంచి మగవాళ్ల కేకలు, కుక్కల మొరుగులు. నడుమ గట్టు నుంచి మాత్రం ఒంటి ఈల. సాయంత్రానికి ఆ గట్టు గొర్రెలన్నీ దారంలా వరుసగా దిగాయి, వెనక ఒక నల్లచుక్క. గట్టు మీద ఒక్క గొర్రె కూడా మిగల్లేదు.

దొడ్డి దగ్గర డూగల్ గేటు పట్టుకుని ఎవరి గొర్రెలు వాళ్లకు విడదీస్తున్నాడు.

"పర్లేదే కంబళి," అన్నాడు. మా వైపు అంతకన్నా పెద్ద పొగడ్త లేదు. "ఇంటి దగ్గరవాటిని ఏం చేస్తావు? పెంపుడువాటిని?"

"మందలో కలిపేస్తాను."

"ఉంచుకోరాదూ?"

"దేనికి?" అంది ఎఫీ.

రెండ్రోజుల తర్వాత ఫెర్న్ వాటిని దొడ్డికి తోలుకొచ్చింది. దొరసాని ఎఫీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో వెళ్లింది. తలెత్తలేదు. ఎఫీ చెయ్యి చాపలేదు. అది మందలో కలిసి కాస్త ముందుకు వెళ్లేసరికి ఏది దొరసానో ఆమెకే తెలియలేదు.

"వచ్చే ఏడాది కూడా నడుమ గట్టేనా?" డూగల్ అడిగాడు.

"ఇంకెవరిదనుకున్నావు?"

ఇంటిదారిలో నది చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎఫీ ముందు, ఫెర్న్ వెనక. మాట్లాడ్డానికి ఎవరూ లేక, ఈసారి చలి తొందరగా వచ్చేట్టుందని ఎఫీ కుక్కతోనే అంది. ఫెర్న్ ఠక్కున ఆగింది. చెవులు నిక్కించి, ఏ పక్కకు పొమ్మంటోందో అని ఆమె మొహంలోకి చూసింది.

నైరీ హాగర్టీ, డెబ్బై తొమ్మిదేళ్లు. ఇప్పుడు రాన్‌ఫర్లీలో మా చెల్లెలి ఇంటి వెనక గదిలో ఉంటున్నాను.